సున్నా చుట్టిన కాగితం

తవిటినాయుడు మేష్టారి ఇంటికి వచ్చేసరికే మండిపోతున్నాడు. అరుగు దగ్గర విప్పిన చెప్పుల్లో ఒకటి వీధిలోకి ఎగిరిపడింది. దాన్ని తెచ్చుకోవడానికి కూడా వెనక్కి తిరగలేదు.

పట్నాయక్ మేష్టారు చేట ముందు పెట్టుకుని వేరుసెనగకాయలు ఒలుస్తున్నారు. ముప్పై ఏళ్ల పైన ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆ చుట్టుపక్కల ఇంగ్లీషు పేరు చెప్పి నాలుగు మెతుకులు తింటున్నవాళ్లలో సగం మంది ఆయన బెంచీల మీద కూర్చుని లేచినవాళ్లే. తవిటినాయుడూ వాళ్లలో ఒకడు. ఇప్పుడు కొండల కింద ఒక చిన్న డిగ్రీ కాలేజీలో తనే ఇంగ్లీషు లెక్చరరు.

"నన్ను సంజాయిషీ అడిగారు మేష్టారూ. నన్ను!"

"ఎవరు?"

"ప్రిన్సిపాలు. సవర తెగ అమ్మాయి ఒకతె టీసీ ఇచ్చేయమని అర్జీ పెట్టింది. కారణం అన్నచోట నా పేరు రాసింది. భాష కోసం రోజూ గొంతు చించుకునేవాడిని, నా పేరు!"

మేష్టారు ఒలిచిన పప్పులు అతని ముందుకు జరిపారు. అతను ముట్టుకోలేదు.

తవిటినాయుడి కోపానికి ఒక పుట్టుక ఉంది. హైదరాబాదులో ఎమ్మే చేరిన మొదటి రోజు, క్లాసులో పేరు చెప్పగానే ఎవరో కిసుక్కుమన్నారు. 'ఏమిటి'కి 'ఏటి' అన్నాడని ఇంకోసారి నవ్వారు. అతని ఇంగ్లీషులో కూడా శ్రీకాకుళమే వినపడుతోందని ఒక ప్రొఫెసరు పదిమందిలో నిలబెట్టి ఒకే వాక్యం మూడుసార్లు అనిపించాడు. ఆ రెండేళ్లూ అతను క్లాసులో మళ్లీ నోరు విప్పలేదు. గదిలో కూర్చుని పుస్తకాలు నమిలేశాడు. ఫస్టున పాసయ్యాడు. పేరు టి. నాయుడు చేసుకున్నాడు. ఆ నవ్వు మాత్రం చీమ దూరినట్టు చెవిలోనే ఉండిపోయింది.

అందుకే అతని ఇంగ్లీషు క్లాసు మామూలుగా సాగదు. కవిత చదివితే ఈ భాష ఎవరిది అని అడుగుతాడు. కథ చదివితే ఇందులో మనం ఎక్కడున్నాం అంటాడు. బల్ల గుద్దుతాడు. "మీ నోట్లోంచి మీ మాట లాక్కున్నవాడు రేపు మీ పేరు కూడా లాక్కుంటాడు" అని అరుస్తాడు. పిల్లలకి అతనంటే భయం. ఇష్టం కూడా.

పోయిన నెల తన హైదరాబాదు కథంతా వాళ్లకి చెప్పాడు. తవిటినాయుడు అన్న పూర్తి పేరుతో సహా చెప్పాడు. చెప్పి, అందరినీ ఒక్కో పేజీ రాసి తెమ్మన్నాడు. మీ మాట విని ఎవరైనా నవ్విన రోజు గురించి, మీ మాతృభాషలో. ఆ తరవాత దాన్నే ఇంగ్లీషు చేద్దాం అన్నాడు.

నలభై రెండు కాగితాలు వచ్చాయి. నలభై ఒకటి తెలుగు. మిగిలిన ఒకటి తెలుగు అక్షరాల్లోనే ఉంది గాని ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏంటిది?" అని క్లాసులోనే అడిగాడు.

సవర మాలతి లేచి నిలబడింది. "మా భాష సార్."

"నేను మాతృభాషలో రాయమన్నాను."

"ఇదే సార్ నా మాతృభాష."

వెనక బెంచీలు గొల్లుమన్నాయి. వాళ్లు ఆ పిల్లని చూసి నవ్వారో, తనని చూసి నవ్వారో తవిటినాయుడు ఆగి ఆలోచించలేదు. నవ్వు వినపడితే చాలు, అతనికి ఒళ్లు తెలియదు. "మీరు ఇంట్లో మాట్లాడుకునేది వేరమ్మా. నేనడిగింది సాహిత్యం. తెలుగులో రాసి తే" అన్నాడు. కాగితం మీద ఎర్ర సిరాతో సున్నా చుట్టి, అందరికీ కనపడేలా పైకెత్తి చూపించాడు. క్లాసు మరోసారి నవ్వింది.

అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. దెబ్బలు తిన్నవాడు ఇంకొకరి మీద చెయ్యెత్తడని అంటారు. ఒట్టి మాట. ఎక్కడ కొడితే గట్టిగా తగులుతుందో వాడికే బాగా తెలుసు.

మర్నాటి నుంచి మాలతి కాలేజీకి రాలేదు. పది రోజులకి అర్జీ వచ్చింది. ఎల్లుండి ప్రిన్సిపాలు దాని మీద సంతకం పెట్టేస్తాడు. పెట్టాడంటే ఆ పిల్ల చదువు అక్కడితో సరి.

"మీరే చెప్పండి మేష్టారూ. నాకు రాని భాషలో రాసి తెస్తే నానెలగ దిద్దుతాను? మార్కేటని వేస్తాను?" కోపంలో అతని యాస అతనికే తెలియకుండా బయటికి వచ్చేసింది.

"కాగితం చదివావా?"

"నాలుగు లైన్లు చూశాను. చదవడానికేటుంది అందులో?"

"ఆ అమ్మాయిది ఏ ఊరు?"

తవిటినాయుడికి తెలియదు. "కొండ మీద ఏదో గూడ" అన్నాడు.

మేష్టారి ముఖం ఎర్రబడింది. ఇన్నేళ్లలో ఆయన కోప్పడగా తవిటినాయుడు ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన చేట పక్కకి తోసి లేచారు.

"రేపు సంత. కొండ మీదవాళ్లంతా దిగుతారు. కాగితం పట్టుకుని పొద్దున్నే బస్టాండుకి రా" అన్నారు. గుమ్మం దాకా వెళ్లి, "ఆ చెప్పు తెచ్చుకో. కుక్క పట్టుకుపోతుంది" అని లోపలికి వెళ్లిపోయారు.

బస్సులో తవిటినాయుడు దారి పొడవునా వాదిస్తూనే ఉన్నాడు. అసలు తెలుగుకే దిక్కు లేదన్నాడు. ఇంగ్లీషు తెలుగుని మింగేస్తోంటే, ఒక్కడూ నోరెత్తకపోతే, తనొక్కడే నిలబడి అడ్డం పడుతున్నాడన్నాడు. అలాంటి తన మీద అర్జీ పెట్టడం ఆ పిల్లకి ఎవరో నేర్పిన పనే అన్నాడు. మేష్టారు కిటికీలోంచి జీడితోటలు చూస్తూ కూర్చున్నారు. అది అతనికి మరింత మంటెక్కించింది.

సంత నిండా అనాసపండ్లు, పనసకాయలు, చీపురుకట్టలు. మేష్టారు చేతికర్ర ఆనించుకుంటూ నలుగురిని అడిగి కనుక్కున్నారు. మాలతి తన మామ్మ పక్కన అనాసపండ్ల కుప్ప ముందు కూర్చుని ఉంది. లెక్చరరుని చూడగానే అలవాటు కొద్దీ లేచి నిలబడింది. నమస్కారం మాత్రం పెట్టలేదు.

"నువ్వు రాసిన కాగితం మీ మామ్మకి చదివి వినిపించావా అమ్మా?" అని అడిగారు మేష్టారు.

"ఎలా వినిపిస్తానండీ? సార్ దగ్గరే ఉండిపోయింది."

మేష్టారు శిష్యుడి వైపు తిరిగారు. "చదవరా."

"ఇక్కడా? నేనా?"

"తెలుగు అక్షరాలే కదా. చదువు."

"నాకు ఆ భాష రాదు మేష్టారూ!"

"సున్నా వెయ్యడానికి వచ్చింది కదా."

తవిటినాయుడి చెవులు వేడెక్కాయి. తన కాలేజీ కుర్రాళ్లే ఇద్దరు చెరుకురసం బండి దగ్గర నిలబడి ఇటే చూస్తున్నారు. కాగితం అక్కడే పడేసి వెళ్లిపోదామనుకున్నాడు. కానీ ఈ మనిషి మాట అతను ఎప్పుడూ దాటలేదు. జేబులోంచి కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు.

మొదటి లైనుకే ముసలామె ఫక్కున నవ్వింది. ఆ భాషలో మాట మధ్యలో గొంతు పట్టేసినట్టు ఆగాల్సిన చోట్లు ఉన్నాయి. అతను ఆగాల్సిన చోట పరుగెత్తాడు. పరుగెత్తాల్సిన చోట తడబడ్డాడు. పక్క కుప్పల దగ్గరి ఆడవాళ్లు లేచి వచ్చి చుట్టూ మూగారు. ఒకామె అతను అన్నట్టే అని చూపించింది. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు.

అదే నవ్వు. హైదరాబాదు నుంచి వెతుక్కుంటూ ఇక్కడిదాకా వచ్చింది. అతనికి కోపం తన్నుకొచ్చింది. మేష్టారి వైపు చూశాడు. ఆయన ఒక గోనెపట్టా మీద కూర్చుని, కర్ర ఒళ్లో పెట్టుకుని వింటున్నారు. మాలతి ఒక్కతే నవ్వలేదు. పళ్లు బిగబట్టి అతని నోటివైపే చూస్తోంది.

సగం పేజీ దాటాక అతని నాలుక ఒకచోట ఆగిపోయింది. అక్కడున్న మాట అతనికి తెలుసు.

తవిటినాయుడు.

టి. నాయుడు కాదు. అమ్మ పిలిచే పూర్తి పేరు. ముందూ వెనకా ఏమీ తెలియని మాటలు, వాటి మధ్యలో తన పేరు. నాలుగు లైన్లు చూసి సున్నా చుట్టినప్పుడు ఇది కనపడలేదు.

"చదవండి" అంది మాలతి.

చదివాడు. గొంతు తగ్గిపోయింది. ఆ పేరు దాటిన రెండు లైన్లకి నవ్వులు ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో అతనికి తెలియదు. అతన్ని వెక్కిరించినామె తల దించుకుంది. ముసలామె అనాస కోస్తున్న కత్తి కింద పెట్టి, మనవరాలిని చూసింది, అతన్ని చూసింది, మళ్లీ మనవరాలిని చూసింది. ఒక మాట అతను పాడుచేస్తుంటే తనే సరిగా పలికింది. అతను ఆమె వెనకాల పలికాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇక చాల్లే, కానిమ్మన్నట్టు చెయ్యి విదిలించింది. పేజీ అయిపోయింది.

బేరానికి వచ్చిన మనిషి ఒకతను కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

"నా గురించి ఏం రాశావమ్మా?" అని అడిగాడు తవిటినాయుడు.

"సున్నా వేశారు కదా సార్" అంది మాలతి. ఆ మాటలో కోపమే ఉంది. "చదివే వేసుంటారనుకున్నాను."

మేష్టారు కర్ర ఊతంతో లేచారు. శిష్యుడి చొక్కా జేబులోని ఎర్ర పెన్ను లాగి, మూత తీసి, అతని చేతిలో పెట్టారు.

"ఊఁ. ఇప్పుడు వెయ్యి మార్కు."

తవిటినాయుడు పెన్ను పట్టుకుని కాగితం వైపు చూశాడు. చెరుకురసం బండి దగ్గరి కుర్రాళ్లు ఇంకా చూస్తూనే ఉన్నారు. అతను పెన్నుకి మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. ముసలామె ఎదురుగా, ఆ మట్టిలోనే గొంతుక్కూర్చున్నాడు.

"మామ్మా, ఇందాకటి ఆ మాట ఇంకోసారి సెప్పవా?"

ఆమెకి తెలుగు కొంచెం వచ్చు. చెప్పింది. అతను పలికాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. మళ్లీ పలికాడు. మళ్లీ ఊపింది.

అంతసేపూ నిలబడే ఉన్న మాలతి వచ్చి అతనికి ఎదురుగా కూర్చుంది. సున్నా ఉన్న కాగితం అతని చేతిలోంచి తీసుకుని, మోకాళ్ల మీద పరిచి, ఆ మాట కింద వేలు పెట్టింది.

"తప్పు సార్" అంది. "మళ్లీ."