మూడు గంటెల పప్పుచారు

ప్రసూన లెక్క ప్రకారం మద్దిలేటి వదులుతున్నది మడ్డి కాదు, ఉత్త నీళ్లు.

ఏటినీళ్లలో పటిక కలిపితే ఒండు కిందికి దిగుతుంది. పైన తేరిన నీళ్లు ఊరికి పోతాయి. తొట్టి అడుగున చేరిన మడ్డిని వాల్వు తిప్పి బయటికి వదలడం మద్దిలేటి పని. చిక్కబడకముందే తిప్పితే తాగేనీళ్లు కాలువపాలు. వంద గ్రాముల మడ్డి ఆరబెడితే అరగ్రాము కూడా మిగల్లేదని ప్రసూన రాసింది. ఆ కాగితం ఇంజనీరు చేతికి వెళ్తే, సోమవారం నుంచి మద్దిలేటి పనిలోకి రానక్కర్లేదు.

"గెడ ఏస్తే దిగబడుతాంది మేడమ్. నా చేత్తో నేను చూసినా," అన్నాడతను ల్యాబు గుమ్మం బయటే నిలబడి.

"త్రాసు అబద్ధం చెప్పదు," అంది ప్రసూన. కాలేజీలో ఫస్టు, కొత్త ఉద్యోగం. మాట ఆ మాత్రం బిరుసుగా ఉండక ఎలా ఉంటుంది?

ల్యాబు పెద్ద దస్తగిరి మాస్టారు కాగితం చూశారు. మూలనున్న మడ్డి బక్కెట్టు చూశారు. మద్దిలేటి నిన్న పొద్దున ఆరింటికి తెచ్చిపెట్టింది అది. ప్రసూన పదింటికి వచ్చి అందులో గ్లాసు ముంచింది.

"ఎన్నిసార్లు తూచావమ్మా?"

"మూడు గిన్నెలు పెట్టాను సార్. మూడూ ఒకటే వచ్చాయి."

"సరే. అన్నం తిందాం రా."

ఆ రోజు ఆయన క్యారియర్లో పప్పుచారు. మూత తీసి, కదపకుండా, పైపైన ఒక గంటె తీసి ఆమె అన్నంలో పోశారు. మళ్లీ ఒకటి. మళ్లీ ఒకటి.

"ఇందులో పప్పు వేయలేదా సార్?"

"మూడు గంటెలు పోశాను కదమ్మా. వచ్చిందా?"

"లేదు."

"మరి లేనట్టే."

ఆయన గిన్నె ఆమె వైపు వంచారు. అడుగున పచ్చగా, గట్టిగా పప్పు పేరుకుని ఉంది.

ప్రసూన చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. చెయ్యి కడుక్కుని వెళ్లి, బక్కెట్టులో కర్ర పెట్టి అడుగంటా కలిపింది. మర్నాడు ఓవెన్లోంచి తీసిన పింగాణి గిన్నెల్లో వందకు నాలుగు గ్రాములు మిగిలాయి. పాత కాగితం చింపేసి, కొత్తది పట్టుకుని తనే తొట్టి దగ్గరికి నడిచింది.

"తప్పు నాది మద్దిలేటీ," అంది.

ఇది జరిగి ఇరవై ఆరేళ్లు. మాస్టారు లేరు. ల్యాబు పెద్ద ఇప్పుడు ప్రసూనే. మడ్డి పెడితే పది నిమిషాల్లో అంకె చెప్పే మిషను వచ్చింది. దాని పైన మేకుకు ఒక పాత స్టీలు గంటె వేలాడుతుంటుంది. మాస్టారు రిటైరైన రోజు అడిగి తీసుకుంది. అది చూసినప్పుడల్లా ఆ క్యారియర్ మూత తీసిన వాసన గుర్తొచ్చి, ఆయన మీద బెంగ కలుగుతుంది.

మొన్న కొత్తగా చేరిన హిమజ కాగితం తెచ్చింది. మడ్డి లేదట.

"మూడుసార్లు చేశాను మేడమ్. మూడూ ఒకటే."

ప్రసూనకు నవ్వూ కన్నీళ్లూ ఒక్కసారే వచ్చాయి. లేచి, మేకు మీది గంటె అందుకుంది.

"అన్నం తిందాం రా అమ్మా," అంది.