నాలుగో వైపు పిట్టగోడ

అనగనగా ఒక ఊళ్ళో, ఆ గుంటూరు దగ్గరే అనుకో, ఒక వీధి నిండా మనలాంటి యూదులే ఉండేవాళ్ళు. శనివారం వచ్చిందంటే దేవుడి విశ్రాంతి రోజని పొయ్యి వెలిగించరు, పార ముట్టరు. ఆ వీధిలో కెజియా అని ఒకావిడ, ఆవిడ భర్త నఫ్తాలి కొత్తగా డాబా ఇల్లు కట్టుకున్నారు. ఇల్లు ముచ్చటగానే ఉంది. డాబా చుట్టూ పిట్టగోడ మాత్రం లేదు.

కొత్తిల్లు కట్టినవాడు పైకప్పు చుట్టూ గోడ కట్టాలనీ, కట్టకపోతే అక్కణ్ణించి పడ్డవాళ్ళ పాపం ఆ ఇంటిదేననీ మన పెద్దలు ఏనాడో చెప్పారు. సిమెంటన్నదే లేని రోజుల్లో చెప్పారమ్మా! కెజియాకి ఆ మాట మనసులో ముల్లులా గుచ్చుకునేది.

"ఏవయ్యా, పిట్టగోడ ఎప్పుడు కట్టిస్తావు?" అని అడిగితే, నఫ్తాలి విసుక్కునేవాడు. "రేపు పైన ఇంకో అంతస్తు వేసేటప్పుడు పగలగొట్టాలి. అయినా మన డాబా ఎవడెక్కుతాడే?"

ఎవరెక్కుతారా? ముందు మిరపకాయలెక్కాయి. ఎండబెట్టిన చేట కాస్తా గాలికి వీధిలో పడింది. నఫ్తాలి నవ్వేశాడు. ఆ తర్వాత మేకపిల్ల ఎక్కింది. అంచు మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. "మేకకేం తెలుసు" అన్నాడాయన. కెజియాకి ఆ పూట అన్నం సయించలేదు. మూడోది ఎవరో, ఏ తల్లి బిడ్డో అని అదే బెంగ.

అప్పుడు ఆవిడ పోరగా పోరగా ఒక శుక్రవారం మేస్త్రి వచ్చాడు. మూడు వైపులా గోడ లేచింది. వీధి వైపు మిగిలుండగానే పొద్దు వాలిపోయింది. "మిగతాది రేపు లేపేస్తానమ్మా" అన్నాడు మేస్త్రి. శనివారం మనం పని చెయ్యం, మన ఇంట్లో ఇంకొకరి చేతా చేయించం. ఆదివారం రమ్మని చెప్పక తప్పలేదు.

సరిగ్గా ఆ శనివారమే, ప్రార్థన మందిరం కప్పు రాత్రి వానకి కారిందని అందరూ కెజియా ఇంట్లో ప్రార్థనకి చేరారు. పిల్లలూ వచ్చారు. కెజియా మెట్లకి అడ్డంగా నులక మంచం పెట్టింది. మంచం ఒక అడ్డమా నీలాంటి కోతులకి? కింద నుంచి దూరి పైకి పోయారు.

ప్రార్థన మధ్యలో నెత్తిమీద దబదబా అడుగులు! కెజియా పరుగెత్తి, అందర్నీ దించుకొచ్చింది. కూర్చుందో లేదో, మళ్ళీ అడుగులు. ఈసారి పైకెళ్ళిన మనిషి కిందికి రాలేదు. గోడ లేని అంచు దగ్గర ఓ మూల చతికిలబడింది. గోడ కట్టడం పని గానీ, కూర్చోవడం పని కాదుగా! పిల్లలు మాత్రం ఆవిడ మాట చెవిన పెట్టకుండా కళ్ళగంతలు ఆడుతూనే ఉన్నారు.

అప్పుడు నఫ్తాలి రుసరుసలాడుతూ పైకొచ్చాడు. "అందరూ నిన్నడుగుతుంటే ఇక్కడ కూర్చున్నావేంటే?"

"నేను లేస్తే ఇక్కడెవరు కూర్చుంటారు? ఆ మూల ఖాళీగా ఉంది. నువ్వన్నా కూర్చో." నఫ్తాలి గొణుక్కుంటూ ఆ చివర కూలబడ్డాడు.

ఆయన మొహం చూసి పిల్లలంతా మెట్లవైపు జారుకున్నారు. ఎదురింటి తిర్సా ఒక్కతే మిగిలింది. కళ్ళకి గుడ్డ కట్టి ఉంది కదా, దానికేం తెలుసు? చప్పుడు ఆగిపోతే, అందరూ నక్కి ఉన్నారనుకుంది. చేతులు చాపుకుంటూ వీధి వైపే నడిచింది.

"ఆగవే తిర్సా!" అని కెజియా అరిచింది. తనని ఏడిపించడానికే అనుకుని ఆ పిల్ల కిలకిలా నవ్వి, ఇంకా పరుగందుకుంది. కెజియా లేవబోయింది. ఆవిడేమో ఈ చివర, పిల్లేమో ఆ చివర. ఇంకొక్క అడుగు, ఇంకొక్క అడుగు...

తిర్సా రెండు చేతులూ నఫ్తాలి మొహం మీద పడ్డాయి. బుగ్గలు తడిమింది, మీసం పట్టి లాగింది. "దొరికావు బాబాయ్!"

నఫ్తాలి ఆ పిల్లని గట్టిగా వాటేసుకున్నాడు. కళ్ళకి కట్టిన గుడ్డ ముడి విప్పాడు. అంత మనిషీ ఆ బుల్లి భుజం మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. పాపం, భయపడ్డాడమ్మా.

ఆ తర్వాత ఆయన అక్కణ్ణించి కదిలితే ఒట్టు. కిందవాళ్ళు ఒక్కొక్కరే పైకొచ్చారు. సంగతి విన్నారు. భుజం భుజం ఆనించి ఆ అంచు పొడుగునా వరసగా కూర్చుని, మిగిలిన ప్రార్థన అక్కడే చేసుకున్నారు. చుక్కలు పొడిస్తే మన శనివారం దాటినట్టే. అప్పటిదాకా ఆ ఇంటి నాలుగో పిట్టగోడ ఆ మనుషులే.

చుక్కలు పొడవగానే నఫ్తాలి లేచి, మేస్త్రి కోసం చూడకుండా తనే సిమెంటు బస్తా విప్పాడు.

కథ కంచి దారి పట్టింది,
కునుకు మనింటి తలుపు తట్టింది.