గుబురయ్య కాసిన నాలుగు గుడ్లు

"గుబురయ్యా... ఓ గుబురయ్యా..."

గుహ ముందు బండ మీద నిలబడి తీతువు పిట్ట పిలుస్తోంది. ఎండ అప్పటికే గుహలోకి సగం దాకా వచ్చేసింది. మిగతా సగంలో, నీడలో, నల్లటి బొచ్చు గుట్ట ఒకటి కదిలింది.

"లేచే ఉన్నాను," అంది గుట్ట. "ఆలోచిస్తున్నాను."

"పడుకునా?"

"పడుకుంటేనే ఆలోచన బాగా సాగుతుంది."

"దేని గురించో?"

"నేను ఎందుకు పుట్టానా అని."

"ఎన్నాళ్ళయింది మొదలుపెట్టి?"

"మోదుగులు పూసినప్పుడు."

మోదుగు పూలు రాలిపోయి కూడా పక్షం దాటింది. గుబురయ్య అనే ఆ ఎలుగుబంటి బొచ్చు మాత్రమే గుబురుగా ఉంది, లోపల ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఎందుకు చిక్కిపోడు? అది ఇప్ప పూల కాలం. తెల్లారగట్ల చుక్కలు పలచబడే వేళ ఇప్ప చెట్టు తన పూలని ఒక్కొక్కటే వదిలిపెడుతుంది. తేనె నింపిన ముత్యాల్లా ఉంటాయవి. చెవి పెట్టి వింటే టప్, టప్ అని, ఎవరో మెల్లగా తలుపు తడుతున్నట్టు ఉంటుంది. పొద్దెక్కేసరికి ఒక్కటి మిగలదు. మన గుబురయ్య లేచేది పొద్దెక్కాకే.

ఈ ఆలోచన జబ్బు అతనికి అంటించింది నక్క సోదెయ్య.

"బావా," అన్నాడట సోదెయ్య ఓ సాయంత్రం, "ఏ కారణమూ లేకుండా పొద్దున్నే లేస్తే రోజు పొడుగవడం తప్ప ఏం ఒరుగుతుంది? నీలాంటి భారీ మనిషికి భారీ కారణం ఉండాలి. ముందు అదేంటో కనిపెట్టు. దొరికిన రోజు లేద్దువుగాని."

అప్పట్నించీ గుబురయ్య వెతుకుతూనే ఉన్నాడు, కళ్ళు మూసుకుని. సోదెయ్య పూలు తింటూనే ఉన్నాడు, కళ్ళు తెరుచుకుని. అడవి పందులు ఎంత తిన్నా సోదెయ్యకి కాసిని మిగులుతాయి. గుబురయ్య ఒక్కడు లేచాడంటే మాత్రం తొడిమలు కూడా మిగలవు.

"నా దగ్గర ఒక కారణం ఉంది," అంది తీతువు. దాని పేరు తీతమ్మ. "కావాలంటే వాడుకో."

బొచ్చులోంచి ఒక కన్ను తెరుచుకుంది.

"నాకు నలుగురు పిల్లలు. ఇంకా గుడ్లలోనే ఉన్నారు. మా జాతి గూడు కట్టదు, నేల మీదే పెడతాం. పోయినేడు ఇప్ప పూల కోసం వచ్చిన పందులు నాలుగింటినీ తొక్కేశాయి. చూసుకోకుండా తొక్కేశాయి, అదీ నా బాధ. కోపంతో తొక్కినా పోట్లాడేదాన్ని. ఈసారి చెట్టు కిందే, పడమటి వేరు పక్కన పెట్టాను. నువ్వు తెల్లారగట్ల వచ్చి ఊరికే నిలబడు. నిన్ను చూస్తే పందులు ఆ దారి తొక్కవు."

గుబురయ్య లేచి కూర్చుని కడుపు గోక్కున్నాడు. "కారణం మరీ చిన్నదిగా ఉందే."

"నా గుడ్లూ చిన్నవే."



మర్నాడు అడవికోడి కూడా కూయకముందే తీతమ్మ వచ్చి అరిచింది. తీతువు అరుపు అపశకునమని అడవంతా చెవులు మూసుకుంటుంది. గుబురయ్య మాత్రం కాళ్ళు ఈడ్చుకుంటూ, ఆవులించుకుంటూ ఆ అరుపు వెనకే నడిచాడు.

పడమటి వేరు పక్కన నాలుగు గుడ్లున్నాయి, మచ్చలు మచ్చలుగా.

"పది అడుగుల దూరంలో నిలబడు. ముట్టుకోకు. వాసన కూడా చూడకు," అంది తీతమ్మ.

పందులు వచ్చాయి. మసక వెలుతురులో కొండంత నలుపు చూసి, ఒకదాని మొహం ఒకటి చూసుకుని, అవతలి చెట్ల దారి పట్టాయి. అప్పుడు అడవి ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, గుబురయ్యకి తన ఊపిరి తనకే వినిపించింది. తూర్పున కొండ అంచు చిలక ముక్కు రంగులోకి తిరుగుతోంది. ఒక పూవు సరిగ్గా అతని ముక్కు మీద పడింది. ఇంకా వెచ్చగా ఉన్నట్టు అనిపించింది. దాన్ని వెంటనే తినాలనిపించలేదు అతనికి, అలా కాసేపు ఉండనిచ్చాడు.

తర్వాత తిన్నాడనుకోండి. దాంతోపాటు మిగతావి కూడా.

మూడో రోజు తీతమ్మ ఏరు దాటి వెళ్ళినప్పుడు అతను వంగి గుడ్ల వాసన చూశాడు. మళ్ళీ పది అడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

వారం తిరిగేసరికి గుబురయ్య ఎముకలు కనబడటం మానేశాయి. సోదెయ్యవి మొదలయ్యాయి.

"ఛీ ఛీ, ఇంత శరీరం పెట్టుకుని పిట్టగుడ్లకి కాపలానా బావా? నలుగురూ నవ్వుతున్నారు."

"ఎవరా నలుగురు?"

"ఒకణ్ణి నేను."

"మిగతా ముగ్గురు దొరికాక చెప్పు బావా," అని గుబురయ్య ఇంకో పిడికెడు పూలు నోట్లో వేసుకున్నాడు.

సోదెయ్య బుర్ర గిర్రున తిరిగింది. గుడ్లుంటేనే కదా కాపలా. గుడ్లు లేకపోతే కారణం లేదు, కారణం లేకపోతే బావ మళ్ళీ గుహలో. పైగా గుడ్లంటే తనకీ ఇష్టమే.

ఇరవయ్యో రోజున, అడవిలో అందరికన్నా ముందు లేచినవాడు సోదెయ్య. పుట్టి బుద్ధెరిగాక అంత పెందలాడే లేవడం అదే మొదలు. పిల్లిలా నడిచి పడమటి వేరు దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, ఒక గుడ్డు నోట్లో వేసుకుని గట్టిగా కొరికాడు.

ఫట్ మంది.

గుడ్డు కాదు, పన్ను.

"ఎవరది?" వెనకనుంచి గుబురయ్య గొంతు.

"నేనే బావా. నీకు సాయంగా..." మాటతోపాటు సగం పన్ను, ఒక గులకరాయి కింద పడ్డాయి.

గుబురయ్య రాయి వంక చూశాడు, పన్ను వంక చూశాడు, ఆ తర్వాత సోదెయ్య వంక చూశాడు. పక్కనే కూర్చున్నాడంతే. అంత పెద్దవాడు అంత దగ్గరగా కూర్చుంటే నక్క అబద్ధాలు కూడా ఇరుక్కుపోతాయి.

"పూల కోసమే బావా," అన్నాడు సోదెయ్య దవడ పట్టుకుని. "నువ్వు లేస్తే నాకు మిగలవని పడుకోమన్నాను. పుట్టుకా లేదు, కారణమూ లేదు. అంతా నేను కల్పించిందే."

ఏటి ఒడ్డు గులకరాళ్ళ మేట మీంచి తీతమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. వెనకాల నాలుగు పిల్లలు, పుల్లల్లాంటి కాళ్ళతో తడబడుతూ. నిన్న సాయంత్రమే గుడ్లలోంచి బయటపడ్డాయి.

"అన్నా, నేనూ ఒకటి చెప్పాలి," అంది తలొంచుకుని. "నువ్వు కాసినవి ఏట్లో ఏరిన రాళ్ళు. నిజం గుడ్లు అదిగో, ఆ మేటలో ఉండేవి. పూలు తిన్నాక పందులు ఆ మేట మీదుగానే నీళ్ళకి దిగుతాయి, అటు రాకుండా నువ్విక్కడ నిలబడితే చాలనుకున్నాను. ఎలుగుబంటికి గుడ్లు చూపించే ధైర్యం ఏ తల్లికుంటుంది చెప్పు? నన్ను తిట్టు, పడతాను. రేపట్నించి నువ్వు లేవాల్సిన పని లేదు."

నలుగురిలో చిన్నది అప్పటికే గుబురయ్య పాదం మీదకెక్కి బొచ్చులో ఇరుక్కుంది.

నీతి ఒక్క ముక్క: పొద్దున్నే లేవడానికి కారణం పడుకుని వెతికితే దొరకదు, ఎవరో పిలిచినప్పుడు వెళితే దొరుకుతుంది.

గుబురయ్య ఆ చిన్నదాన్ని తన మూతితో మెల్లగా నేల మీదకి దింపాడు. తూర్పు వైపు చూశాడు. టప్ మని ఒక పూవు పడింది.

"మూడో రోజే వాసన చూశాను తీతమ్మా," అన్నాడు. "రాళ్ళని అప్పుడే తెలిసింది. చెబితే మర్నాడు నన్ను పిలవడం మానేస్తావేమోనని చెప్పలేదు."