పాలేటికోట పురిటింటమ్మ

పూర్వం పాలేటికోట సీమను చిన్నమనాయడనే పాళెగాడు ఏలుతున్న కాలంలో, ఆయన ధర్మపత్ని కోనమాంబ నిండు చూలాలై పుట్టింటికి పల్లకిలో వెళుతుండగా, చెన్నకేశవస్వామి తేరు తిరిగే రాజవీధి నడుమనే ఆమెకు నొప్పులు ఆరంభమయ్యాయి. వీధికి ఇరువైపులా ఉన్న గృహస్థులు పురిటి మైలకు వెరచి తలుపులు మూసుకున్నారు. అప్పుడు యల్లసాని అనే మంత్రసాని, కూలిపోయిన ఒక గోడ పక్కన పాత చీరలు అడ్డం కట్టించి, రెండు జాములు శ్రమపడి, అడ్డం తిరిగిన బిడ్డను చేత్తో సరిచేసి, తల్లినీ బిడ్డనూ బతికించింది.

చిన్నమనాయడు ఆ మేలు మరువక, ఆ కూలిన గోడ ఉన్న స్థలంలోనే నల్లరాతి పునాది మీద నాలుగు గదుల ఇల్లు కట్టించాడు. ముందర వెడల్పైన అరుగు, అరుగుకు ఎక్కే రాతిమెట్టు, పెరట్లో నీళ్ళు కాచుకునే పెద్ద పొయ్యి అమర్చి, ఏ కులపు స్త్రీ అయినా, ఎంత దిక్కులేనిదైనా, ఆ గడప తొక్కితే పురుడు పోయవలసిందని శాసించి ఇంటిని యల్లసానికి అప్పగించాడు. జనులు దానిని పురిటిల్లన్నారు. చెరువులు తవ్వే ఉప్పర స్త్రీలు, ఎడ్లమందల వెంట నడిచే లంబాడీలు, మగడు వెళ్ళగొట్టిన ఇల్లాండ్రు ఇరవై రెండేళ్ళు ఆ ఇంట సుఖంగా ప్రసవించారు. యల్లసానికి కడుపున పుట్టినవారు లేరు. తన చేతుల మీదుగా లోకంలోకి వచ్చిన వారందరినీ ఆమె నా పిల్లలనే చెప్పుకునేది.

చిన్నమనాయడు గతించగా, నాడు వీధిలో పుట్టిన కొడుకు ఓబుళరాయుడు గద్దెనెక్కాడు. స్వామివారి తేరు మైల ఇంటి ముందుగా సాగడం అపచారమని గుడి స్థానాచార్యులు విన్నవించగా, ఆయన పురిటింటిని మూయించి, సరుకుల బండ్లను నిలిపే సుంకపు చావడిగా మార్చాడు.

"ఊరి బయట నీకొక కొట్టం వేయిస్తానవ్వా. అక్కడ చేసుకో నీ పని" అన్నాడు యల్లసానితో.

"నొప్పులొచ్చిన ఆడది ఊరి బయటికి ఎట్లా నడుస్తుంది నాయనా? మీ అమ్మ నడవలేకపోయింది."

యల్లసాని కొట్టానికి పోలేదు. ఇల్లు చేతులు మారిన సంగతి తెలియక దూరాభారం నుంచి వచ్చే చూలాళ్ళు బంట్రోతుల చేత అదిలింపులు తినకుండా, తానే ఎదురుపోయి ఏదో ఒక పాకకు తీసుకుపోవాలని, పగలంతా ఆ రాతిమెట్టు మీదనే కూర్చునేది.

మూడవ ఏట చైత్ర పౌర్ణమినాడు, తేరు బయలుదేరిన వేళకు, నాగి అనే ఉప్పర స్త్రీ నడుము పట్టుకుని వచ్చి మెట్టు దగ్గర కూలబడింది. ఎక్కడికీ తీసుకుపోయే వ్యవధి లేదు. యల్లసాని ఆమెను అరుగు మీదికి చేర్చి చీరలు అడ్డం కట్టింది. అంతలో తేరు వచ్చి సరిగ్గా చావడి ముందు నిలిచిపోయింది. వందలమంది మోకులు పట్టి లాగినా చక్రం దొర్లలేదు. మైల సోకినందువల్లనే స్వామి కదలడం లేదన్నారు స్థానాచార్యులు. ఓబుళరాయుడు గుర్రం దిగి వచ్చాడు.

"తల కనబడుతోంది నాయనా. ఒక్క గడియ ఆగమను" అంది యల్లసాని, చేతులు బిడ్డ మీదనే ఉంచి.

"ఇంతమంది ఎండలో నిలబడి ఉన్నారవ్వా."

"స్వామి కూడా నిలబడే ఉన్నాడు గదా."

ఆయన బంట్రోతులకు సైగ చేశాడు. వారు నాగిని కంబళిలో వేసుకుని పక్క సందులోకి మోసుకుపోయారు. సందు చివర బిడ్డ పుట్టి కేరుమన్నది. ఆ ఏడుపుతోనే తేరు కదిలింది. మైల తొలగింది గనుక స్వామి కదిలాడని జనం గోవిందనామం పలికారు. కంబళిలో మోసిన కుదుపులకు రక్తం పోయి, పొద్దు గూకక ముందే నాగి యల్లసాని ఒడిలో కన్నుమూసింది.

మరుసటి ఏడు ఓబుళరాయుని భార్య వెంగమాంబకు ప్రసవం కష్టమైంది. రెండు దినాలు గడిచినా బిడ్డ భూమి మీద పడలేదు. ఓబుళరాయుడు కాలినడకన మెట్టు దగ్గరికి వచ్చి, "ఇల్లు తిరిగి నీకే ఇస్తాను, రా అవ్వా" అన్నాడు. ఆ మాట పూర్తి కాకమునుపే యల్లసాని లేచి నడిచింది. ఇల్లిస్తానని అనకపోయినా నడిచేదే. తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడ్డారు. పదకొండవనాడు ఆమెకు పళ్ళెంలో పట్టుచీర పెట్టించారు.

"ఇల్లు?" అని అడిగింది యల్లసాని.

"స్థానాచార్యులు ఒప్పడం లేదవ్వా."

ఆమె చీర మడత విప్పకుండా పళ్ళెంలోనే ఉంచి, వచ్చిన దారిన పోయి మెట్టు మీద కూర్చుంది. ఆ వానాకాలంలోనే అక్కడే ప్రాణం విడిచింది. బండ్లకు అడ్డమని బంట్రోతులు దేహాన్ని గోడవారకు జరిపారు.

మళ్ళీ చైత్రం వచ్చింది. చావడి ముందు తేరు ఆగిపోయింది. ఈసారి అక్కడ చూలాలూ లేదు, మైలా లేదు. మోకులు తెగాయి, ఏనుగులు చతికిలబడ్డాయి, మూడు దినాలు స్వామి వీధిలోనే ఉన్నాడు. చివరకు స్థానాచార్యులే ఆ మెట్టుకు పసుపు పూసి, యల్లసాని అమ్మవారి అంశయని, నేటి నుండి పురిటింటమ్మయని ప్రకటించి హారతిచ్చారు. ఓబుళరాయుడు సాష్టాంగపడ్డాడు. తేరు కదిలింది. ఇల్లు మాత్రం సుంకపు చావడిగానే మిగిలింది.

పాళెగాళ్ళు పోయాక ఆ ఇల్లు దొరల కచేరీ అయింది. రాజవీధి పెద్దబజారయ్యాక ఒక బట్టల వర్తకుడు కొని అరుగుకు గోడ పెట్టించాడు. అతని తర్వాత లాడ్జి నడిచింది, తర్వాత చిట్టీల కంపెనీ, ఇప్పుడు కింద సెల్‌ఫోన్ల దుకాణం, మీద కోచింగ్ సెంటర్. వచ్చిన ప్రతివారూ ఏదో ఒకటి పగలగొట్టించారు. పెరటి పొయ్యి ఏనాడో పూడిపోయింది. మెట్టును మాత్రం ఎవరూ ముట్టలేదు. అమ్మకు కాయ కొట్టి వ్యాపారం తెరవనివారు వారిలో ఒక్కరూ లేరు; ఒక్క గదిని బాలింతకు విడిచినవారూ లేరు.

నేటికీ తేరు ఆ మెట్టు ముందు గడియసేపు ఆగుతుంది. స్త్రీలు సుఖప్రసవం కోరి మెట్టుకు పసుపు రాసి గాజులు సమర్పిస్తారు. అమ్మకు మైల పనికిరాదని ఉత్సవ నిర్వాహకులు మెట్టుకు పది బారల దూరాన సున్నంతో గీత గీయిస్తారు. పచ్చి బాలింతలు ఆ గీతకు ఈవలనే నిలబడి, కొబ్బరికాయ ఎవరి చేతనైనా పంపించి, బిడ్డను ఎత్తి దూరం నుంచే అమ్మకు చూపించి వెళ్ళిపోతారు.