ఎర్రకారం దోసె, జీడిపప్పు లేకుండా

దస్తగిరికి చేతులు వణకడం మొదలై నెల దాటింది. ఉల్లిపాయ కోయాలన్నా వణుకే, గరిటె పట్టుకోవాలన్నా వణుకే.

కర్నూలులో కాలేజీ రోడ్డు మీద అతనికో హోటల్ ఉంది. అక్కడ ఎవరికి నచ్చినట్టు వాళ్లు చెప్పి చేయించుకోవచ్చు. అన్నమా, దోసెనా, రొట్టెనా. అందులోకి కోడికూరా, పనీరా, గుడ్డా. పైన ఏ పొడి, ఎంత కారం. కాలేజీ పిల్లలు క్లాసులు ఎగ్గొట్టి మరీ వచ్చేవాళ్లు. ఎన్ని ఆర్డర్లు ఒకేసారి వచ్చినా దస్తగిరి విని, ఇంకొకసారి అడగకుండానే చేసి పంపేవాడు. అదే అతని గొప్ప.

ఒక మధ్యాహ్నం హారిక అనే అమ్మాయి, "అన్నా, నాకు శెనక్కాయలు పడవు. వాటి పొడి వద్దు" అంది. సరేనన్నాడు. చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ ఆ పొడిలో ఉన్న చెంచానే తీసుకుని, దాంతోనే వేరే పొడి చల్లింది.

రెండు ముద్దలకే ఆ పిల్ల పెదాలు వాచిపోయాయి. గొంతులోంచి ఈల లాంటి చప్పుడు. ఊపిరందక బల్ల అంచును గోళ్లతో రక్కింది. స్నేహితులు ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తారు.

బతికింది. కానీ ఆ ఈల దస్తగిరి చెవుల్లోంచి పోలేదు. చేతుల వణుకు మొదలైంది ఆ రోజు నుంచే. ఎవరైనా "పడదు" అంటే చాలు, ఆర్డరు తీసుకోకుండా పంపేసేవాడు.

చివరికి తన గురువు దగ్గరికి వెళ్లాడు. ఊరి బయట దర్గాలో ఉండే ఫకీరు, నూరుల్లా బాబా. జరిగిందంతా చెప్పాడు.

"ఒక తాయెత్తు కట్టండి బాబా. ఈ వణుకు పోవాలి. లేదంటే హోటల్ మూసేస్తాను."

బాబా లేచి చెప్పులు వేసుకున్నాడు. "పద. ఆకలిగా ఉంది."

ఇద్దరూ హోటల్‌కి వచ్చేసరికి తలుపు దగ్గర కళ్లద్దాల కుర్రాడు ఒకడు నిలబడి ఉన్నాడు.

"అంకుల్, ఎర్రకారం దోసె, మీద గుడ్డు. నాకు జీడిపప్పు పడదు, అది తగలకుండా చేసిస్తారా?"

దస్తగిరి తల అడ్డంగా ఊపాడు. "ఇవాళ ఏమీ లేదు బాబూ. వేరే చోట చూసుకో."

"వేరే చోట చెప్తే వినిపించుకోరు అంకుల్."

బాబా వంటింట్లోకి వెళ్లాడు. ఒక పెనం దించి తోమాడు. తుడిచి, వాసన చూసి, మళ్లీ తోమాడు. గరిటెను కూడా అలాగే. రెండూ తెచ్చి శిష్యుడి చేతుల్లో పెట్టాడు.

"చెయ్యి."

"వణుకుతున్నాయి బాబా. కనబడట్లేదా?"

"కనబడుతున్నాయి."

"మళ్లీ అలా జరిగితే?"

బాబా అతని చేతులకేసి చూశాడు. "ఆ రోజు వణికాయా?"

దస్తగిరి పెనం, గరిటె పొయ్యి పక్కన పెట్టాడు. కుర్రాడి దగ్గరికి వెళ్లాడు.

"ఇంకోసారి చెప్పు నాయనా. నీకు ఏమేం పడవు?"

"జీడిపప్పు అంకుల్." కుర్రాడు ఆగాడు. "పిస్తా కూడా. చెప్పడం మర్చిపోయా."

దోసె తిని కుర్రాడు నీళ్లు తాగేదాకా దస్తగిరి ఆ బల్ల పక్కనుంచి కదల్లేదు. ఖాళీ ప్లేటు తీస్తున్నప్పుడు కూడా అతని చేతులు వణుకుతూనే ఉన్నాయి.