పచ్చగా ఉన్న చెట్టు

పల్మో నెల రోజుల్లో పదకొండు చెట్లు నరికింది. అయినా అడవి చస్తూనే ఉంది.

మంచుకొండల్లో ఆమె ఉండేది ఒక సన్యాసినుల మఠంలో. మఠం నెత్తిన నిటారు వాలు మీద దేవదారు అడవి. చలికాలంలో పైనుంచి జారే మంచుచరియల్ని ఆపేది ఆ చెట్లే. రెండేళ్లుగా మంచు సరిగ్గా కురవక చెట్లు నీరసించాయి. అదను చూసి బెరడు కింద పురుగు చేరింది. ఒక్కో చెట్టూ తుప్పు పట్టినట్టు ఎర్రబడి, నిలువునా ఎండిపోతోంది.

పల్మో చూస్తూ ఊరుకునే రకం కాదు. మఠంలో శాస్త్రవాదనల పోటీకి దిగితే, అక్కడి ఆచారం ప్రకారం ప్రశ్న ప్రశ్నకీ అరచేతులు చరుస్తూ ఎదుటివాళ్లని నోరెత్తనిచ్చేది కాదు. ఎర్రబడ్డ చెట్టు కనిపిస్తే చాలు, నరికేది. బెరడు ఒలిచి తగలబెట్టేది. పచ్చచెట్టు జోలికి మాత్రం వెళ్లలేదు. ప్రాణమున్న మొక్కను తుంచకూడదని సన్యాసినుల నియమం.

పన్నెండో చెట్టు ఎర్రబడిన ఉదయం ఆమె గురువు దెచెన్ అమ్మ గదిలోకి దూసుకెళ్లింది.

"గురువమ్మా, నేను ఒక్క నియమం తప్పలేదు. ఒక్క పూట కూర్చోలేదు. మరి ఎందుకు ఆగట్లేదు? ఇలాగే పోతే ఈ చలికాలం మంచు మన కప్పు మీదే పడుతుంది. మీరేమో జపమాల తిప్పుకుంటున్నారు." అంటూనే అరచేతులు చరిచింది.

"ఇక్కడ పోటీ ఏం లేదు గానీ, చేతులు దించు," అంది గురువమ్మ. "గొడ్డలి తీసుకురా."

ఇద్దరూ వాలెక్కారు. గురువమ్మ పది అడుగులకోసారి ఆగుతోంది. పల్మో ముందుకు పోతోంది, మళ్లీ వెనక్కి వస్తోంది.

"మీరిలా నడిస్తే మనం చేరేలోపు ఇంకోటి చస్తుంది."

"నా మోకాళ్లతో చెప్పు ఆ మాట. నా మాట ఎలాగూ వినవు అవి."

ఎర్రబడ్డ చెట్టు దగ్గర పల్మో గొడ్డలి ఎత్తింది. గురువమ్మ అడ్డంగా వెళ్లి, గోళ్లతో బెరడు ముక్క ఊడబెరికింది. లోపల సన్నటి దారులు, పొడి. బెరడు నిండా ఆవగింజంత బెజ్జాలు. పురుగు మాత్రం ఒక్కటీ లేదు.

"ఏవీ పురుగులు?" అడిగింది గురువమ్మ.

పల్మో ఇంకో ముక్క ఊడదీసింది. ఇంకోటి.

"చెట్టు ఎర్రబడేసరికే పక్కనున్న పచ్చచెట్లలోకి ఎగిరిపోతాయి," అంది గురువమ్మ. "నెల్లాళ్లుగా నువ్వు ఖాళీ ఇళ్లు తగలబెడుతున్నావు."

పక్కనే ఉన్న పచ్చటి దేవదారు దగ్గరికి వెళ్లింది. దాని మొదలు దగ్గర రంపపు పొట్టులాంటి పొడి రాలి ఉంది.

"చెవి పెట్టు."

పల్మో చెవి ఆనించింది. లోపల ఎక్కడో సన్నగా కరకర. చప్పున వెనక్కి జరిగింది.

"ఇది బతికున్న చెట్టు కదా."

"అవును."

"లోపలున్నవీ ప్రాణాలే."

"అవును."

"మరి నియమం?"

గురువమ్మ కిందికి చూపించింది. పదకొండు మొద్దులు. వాటి దిగువన మఠం కప్పు. మధ్యలో అడ్డేమీ లేదు.

"ఎండిన మానైనా నిలబడి ఉంటే కొన్నేళ్లు మంచును ఆపేది. నీ నియమానికేం, మచ్చ లేకుండా ఉంది."



గురువమ్మ పల్మో చేతిలోంచి గొడ్డలి తీసుకుంది. సన్యాసం పుచ్చుకున్నాక యాభై ఏళ్లలో ఆమె గడ్డిపరక తుంచి ఎరగదు. చెట్టుకు ఒకసారి నమస్కరించి, కొట్టింది. దెబ్బ లోతుగా దిగలేదు. పచ్చి చెక్క వాసన గుప్పుమంది. మళ్లీ కొట్టింది.

"ఇటివ్వండి గురువమ్మా. మీ చేతులు వణుకుతున్నాయి."

గురువమ్మ గొడ్డలి అందించింది.

"వణకాలి. నీ చేతులు వణకని రోజున దీన్ని కింద పెట్టెయ్."