నడుమ ఎండిన రెల్లు

ఖాదరయ్యకు వెళ్లాలని లేదు.

కొండ అవతల సున్నపుమిట్ట వాళ్లు కొత్తగా పాక ఒకటి వేసుకుని, నాలుగు మంచిమాటలు చెప్పే మనిషిని పంపమని జమాల్ బాబాకు కబురు పెట్టారు. ఆ ఫకీరు ఆలోచించనైనా లేదు. "మా ఖాదరయ్య వస్తాడు" అనేశారు.

ఖాదరయ్య ఆరేళ్లుగా బాబా కాళ్ల దగ్గరే కూర్చున్నవాడు. ఆయన గొంతు వినకుండా తెల్లారితే అతనికి అది రోజే కాదు. రెండు పూటలు అన్నం ముట్టలేదు. మూడో పూట ధైర్యం చేసి వెళ్లి చెప్పేశాడు.

"నన్ను పంపొద్దు బాబా. మీరు లేకుండా నేనేమైపోవాల?"

తస్బీ పూసలు తిప్పుతున్న బాబా వేళ్లు ఆగాయి.

"అట్లనా? సరేలే. గునపం ఎత్తుకో. తోటలోంచి రెల్లు దుబ్బు ఒకటి తవ్వి తీసుకురా."

ఖాదరయ్య గుండె తేలికపడింది. పంపే మాట వదిలేశారనుకున్నాడు. పైగా రెల్లంటే అతనికి ప్రాణం. వానలు తగ్గాక ఆ తోటంతా తెల్లగా పూసి గాలికి ఊగుతుంటే, మబ్బులే కొండ కిందికి దిగి మేస్తున్నట్టు ఉండేది. అది చూస్తూ పని మరిచిపోయి ఎన్నిసార్లు తిట్లు తిన్నాడో!

కానీ ఇప్పుడు ఆషాఢం. పూలు లేవు. ఎటు చూసినా పచ్చటి దుబ్బులే. అన్నిటిలోకి గుబురుగా, అందంగా ఉన్నదాన్ని చూసి తవ్వుకొచ్చాడు.

బాబా పకపకా నవ్వారు. "ఇది బోదగడ్డి గదరా! ఇంటికి కప్పు వేద్దామా?"

"పూలుంటే గుర్తుపట్టేవాణ్ణి బాబా."

"పూలుంటే మేక కూడా గుర్తుపడుతుంది."

ఆయనే లేచి తోటలోకి నడిచారు. ఒక ఆకు తుంచి శిష్యుడి చేతిలో పెట్టారు. సన్నటి ఆకు. నడుమ తెల్లటి ఈనె. అంచు మీద వేలు పోనిచ్చాడు ఖాదరయ్య. చురుక్కున కోసుకుంది.

"ఆ, ఇదీ రెల్లు. ఇప్పుడు తవ్వు."

అది ఆ తోటలో అన్నిటికన్నా పాత దుబ్బు. గునపం దిగేసరికి పక్కకు ఒరిగింది. ఆకులు విడదీసి చూసి ఖాదరయ్య అదిరిపడ్డాడు. దుబ్బు నడుమ జానెడు మేర ఎండిపోయి ఉంది. చేయి పెడితే పొట్టులా రాలింది.

"అయ్యో, చచ్చిపోతోంది బాబా! నీళ్లు సరిగా పొయ్యలేదు నేను."

"నీళ్లదేం లేదు. మొదట నాటింది అక్కడే. పచ్చగా ఎక్కడుందో చూడు."

చుట్టూ అంచునే పచ్చదనమంతా. బలమైన పిలకలన్నీ బయటికి ముఖం పెట్టి నిలబడ్డాయి. లోపలివైపు మొలిచినవి రెండో మూడో ఉన్నాయి. దారప్పోగుల్లా పాలిపోయి, ఎండిన కాడల మీద వాలి ఉన్నాయవి.

ఖాదరయ్య వాటినే చాలాసేపు చూశాడు.

బాబా గునపంతో అంచునున్న ముక్క ఒకటి విడదీశారు. కొడవలి తీసుకుని ఆకులు పొట్టిగా కోసేశారు. మట్టి రాలకుండా వేళ్లకు తడి గోనె చుట్టి, పసిబిడ్డను ఇచ్చినట్టు అతని చేతుల్లో పెట్టారు.

"సున్నపుమిట్టలో నేల మంచిదంట" అన్నారు.

ఖాదరయ్య కళ్లు నిండాయి. "రేపు పొద్దున్నే పోతాను బాబా. ఈ ఒక్కరోజు మీ దగ్గర..."

బాబా అతని చేతుల్లోని మూటను మెల్లగా తట్టారు.

"నాకేం తొందర లేదు బేటా. దానికుంది."

ఖాదరయ్య వంగి, ఆయన పాదాలు తాకి, కొండదారి పట్టాడు.